మాస్టారు బిగించినవి నేను విప్పను

మా క్రాఫ్టు మాస్టారు పోయారన్న కబురు నాకు పోయిన నెల ఒక గురువారం మూడో పీరియడులో తెలిసింది. ఆయన మా బడి లైబ్రరీలో బిగించిన క్లాంపులు సోమవారం లోపల పీకెయ్యాలన్న నోటీసు అదే రోజు నాలుగో పీరియడులో చేతికొచ్చింది. రెంటికీ మధ్య ఒక గంట కొట్టారు, అంతే. ఏడవడానికి కూడా టైమివ్వలేదు మా బడి.

ఫోను చేసింది వాళ్ళమ్మాయి. "నాన్నగారు పొద్దున్నే వెళ్ళిపోయారండీ. కాఫీ తాగేరు, పేపరు తెరిచేరు, అంతేనండీ," అంది. నాకేం అడగాలో తోచక, "ఏ కుర్చీలోనండీ?" అని అడిగాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. ఆవిడ మాత్రం తప్పు పట్టలేదు. "ఆయన చేసుకున్నదేనండీ, చేతుల కుర్చీ," అంది. వాళ్ళ ఇల్లు తాడేపల్లిగూడెంలో. మర్నాడు పదింటికి ఇంటి దగ్గర ప్రార్థన, ఆ తర్వాత సమాధుల తోట. ఫోను పెట్టేసి పిల్లల వైపు తిరిగి పేజీ నంబరు చెప్పాను. తప్పు నంబరు చెప్పానని ముందు బెంచీ పిల్ల లేచి చెబితే గానీ తెలియలేదు.

ఇక నోటీసు. హెడ్మాస్టరు గారి సంతకంతో వచ్చింది. సోమవారం పైనుంచి విజిట్ టీము వస్తోందనీ, లైబ్రరీ గోడలకు అనుమతి లేకుండా బిగించిన ఇనప సామాను తొలగించి, చిల్లులు పూడ్చి, రంగు వేయించవలెననీ ఉంది. చదివి మడిచి జాకెట్లో దోపుకున్నాను. ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను, తియ్యనని.

నేనెవరో చెప్పలేదు కదూ. కొల్లేటి ఒడ్డున ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. చదువుకున్నదీ ఆ బడిలోనే. లైబ్రేరియన్ పోస్టు లేదు గనక లైబ్రరీ కూడా నా నెత్తినే ఉంది. నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ బుగ్గలు నొక్కుకోకుండా. మాస్టారికి మాత్రం కోపం ఉండేది కాదు. ఆయనకు మొండితనం ఉండేది. కోపం కన్నా అది పదిరెట్లు కష్టమైన సరుకని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది నాకు.

మా రోజుల్లో ఎనిమిదో తరగతిలో క్రాఫ్టు పీరియడంటే ఆడపిల్లలకు కుట్లు, మగపిల్లలకు వడ్రంగం. నాకు సూది అంటే ఒళ్ళు మంట. ఒకరోజు కుట్ల గదిలోంచి లేచి తిన్నగా వడ్రంగం షెడ్డులోకి వెళ్ళి నిలబడ్డాను. కుట్ల టీచరుగారు వెనకే వచ్చి, "ఇదేం చోద్యమండీ, రంపం పట్టుకుంటుందట!" అన్నారు. మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. "జడ ముడేసుకో అమ్మాయ్, రంపానికి అడ్డం," అన్నారు. అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేను మొదట చేసింది నాలుగు కాళ్ళ స్టూలు. అది ఊగేది. "ఊగుతోందండీ మాస్టారూ," అంటే, "ఆ ముక్క స్టూలే చెబుతోంది కదమ్మా, మళ్ళీ నువ్వెందుకు? ఏ కాలు పొట్టో చెప్పు," అన్నారు. వారం రోజులు నన్ను దానిమీదే కూర్చోబెట్టారు. ఒక కాలు చెక్కాను, ఇంకో కాలు చెక్కాను, స్టూలు పీటంత అయింది గానీ ఊగడం మానలేదు. ఆఖరికి ఏడుపు మొహంతో దాన్ని వరండాలోకి తెచ్చి పెడితే కదలకుండా నిలబడింది. షెడ్డు నేల ఎగుడుదిగుడు! ఆ సంగతి ఆయనకు మొదటి రోజునుంచీ తెలుసు. "వస్తువును తిట్టేముందు నేలను చూసుకోవాలండీ," అన్నారు. నాకు అప్పుడు పదమూడేళ్ళు. పిల్లల్ని కూడా పాఠం చెప్పేటప్పుడు మాత్రం 'అండీ' అనేవారాయన.

ఆయన రిటైరయ్యాక ఆ పోస్టే తీసేశారు. షెడ్డులో ఇప్పుడు మధ్యాహ్న భోజనం గిన్నెలుంటాయి.

బీరువాల సంగతికి వస్తాను. మూడేళ్ళ కిందట మా బడికి కొత్త రంగులేసి, నేలకు టైల్సు పరిచి, లైబ్రరీకి ఒక పెద్ద గది ఇచ్చారు. అదే ఏడాది మా పాత విద్యార్థులు కొందరు కలిసి తలుపుల్లేని పుస్తకాల బీరువాలు ఎనిమిది ఆన్‌లైన్లో పంపించారు. బీరువాలంటే బీరువాలు రాలేదు. అట్టపెట్టెలు వచ్చాయి. వాటిలో చెక్కలు, పొట్లాల నిండా స్క్రూలు, చెక్క పుల్లలు, తిప్పితే బిగుసుకునే బిళ్ళలు, స్క్రూలు తిప్పడానికి తాళంచెవిలాంటి ఒక వంకర కడ్డీ, ఒక బొమ్మల కాయితం. ఒక్క అక్షరం లేదు దానిమీద. బొమ్మలు చూసుకుంటూ మనమే బిగించుకోవాలి. చెక్కలు కూడా అసలు చెక్కలు కావు. రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన టేకు రంగు కాయితం అంటించినవి.

మా డ్రిల్లు మాస్టారూ నేనూ రెండు రోజులు కూర్చుని బిగించాం. బిగించి ఊరుకుంటే బాగుండేది. మేం కొల్లేటి వాళ్ళం కదా, మా తెలివి కూడా కలిపాం. ఉప్పుటేరు మా నీళ్ళను సముద్రంలోకి లాగని ఏడాది వాన పడితే ఏమవుతుందో మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇంట్లోకి నీళ్ళొస్తాయి. అందుకని మా ఇళ్ళలో విలువైనదేదీ కింద ఉండదు. బియ్యం బస్తా మంచం మీద, పొలం కాయితాలు అటక మీద. బైబిలైనా భగవద్గీతైనా చేతికి అందనంత ఎత్తులోనే. ఆ లెక్కనే ప్రతి బీరువా కిందా నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టాం. అడుగు అర ఖాళీగా వదిలేశాం. బరువైన నిఘంటువులూ విజ్ఞాన సర్వస్వాలూ అన్నీ పై అరల్లోకి ఎక్కించాం. వెనక కొట్టాల్సిన పల్చటి అట్టచెక్క వానాకాలం బూజు పడుతుందని అసలు కొట్టనే లేదు. అట్లాసులు పట్టడం లేదని నడిమి అర ఊడదీసేశాం.

ఆ బొమ్మల కాయితంలో చివరి బొమ్మ, బీరువాను గోడకు కట్టిన బొమ్మ. దానికి కావలసిన పట్టీల పొట్లం మేం విప్పను కూడా విప్పలేదు. కొత్త గోడ కదా, ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

చూడ్డానికి ఎంత బాగున్నాయో! హెడ్మాస్టరు గారు వచ్చి, "శభాషమ్మా," అన్నారు. నేను పొంగిపోయి ఆ సాయంత్రమే మాస్టారికి ఫోను చేశాను. "మీ శిష్యురాలు ఎనిమిది బీరువాలు బిగించిందండీ, వచ్చి చూడండి," అన్నాను. "బిగించినవాటిని నిలబెట్టేరా కూడా?" అన్నారాయన. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

రెండో రోజు పొద్దున్నే బస్సు దిగారు. తెల్ల చొక్కా, భుజాన గుడ్డ సంచీ, చెవి మీద పెన్సిలు. ఏ ఇంటికెళ్ళినా గుమ్మం చెక్కను ఒకసారి చేత్తో నిమిరి గానీ లోపలికి అడుగు పెట్టేవారు కాదు. ఆ రోజు లైబ్రరీ గుమ్మంలో నిలబడి, నిమరడం కూడా మర్చిపోయి, "ముందు పిల్లల్ని బయటికి పంపండి టీచరుగారూ," అన్నారు. నేను ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన నన్ను టీచరుగారనే పిలిచేవారు, కొంత ముద్దుకీ కొంత వేళాకోళానికీ. ఆ రోజు గొంతులో రెండూ లేవు.

పిల్లలు వెళ్ళాక, వాచీ తీసి జేబులో వేసుకుని, మొదటి బీరువా భుజం దగ్గర ఒక్క వేలు పెట్టి నెట్టారు. అయ్యబాబోయ్! ఎనిమిదో తరగతిలో నా స్టూలు నయం. బీరువా పక్కకు ఒరిగి, అరలన్నీ కిర్రుమని, మళ్ళీ వెనక్కొచ్చింది. పైన నిఘంటువులు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

"ఇది నిలబడి లేదండీ. పడటానికి తీరిక దొరక్క ఆగింది," అన్నారు.

నాకు తలకొట్టేసినట్టయింది. అంతలోనే కోపమూ వచ్చింది. "మీరు గూడెంలో ఉంటారు మాస్టారూ, మా నీళ్ళ సంగతి మీకేం తెలుసు? కిందపెడితే పుస్తకాలు నాని చస్తాయి," అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. నా వైపు తిరిగి నిలబడి నెమ్మదిగా చెప్పారు.

"నీళ్ళు చెప్పి వస్తాయండీ. ఒక పూట ముందు డొంకలోకి వస్తాయి, తర్వాత గ్రౌండులోకి వస్తాయి, మీరు పుస్తకాలు తీసుకోవచ్చు. బీరువా చెప్పి పడదండీ. పై అర పుస్తకం అందక ఒక పిల్ల చెయ్యేసి లాగిందనుకోండి. తడిసిన పుస్తకం ఎండబెట్టుకుంటాం. ఆ పిల్లనేం చేస్తాం?"

నేను ఆ గది తాళం వేసి, బాగయ్యేదాకా ఎవరినీ రానివ్వలేదు. ఇదిగో, ఇప్పుడు ఈ గొడవంతా ఎందుకు అని అడిగేవాళ్ళకు నా జవాబు ఆ మాటే. నాకు ఆరో తరగతి పిల్లలు అరవైమంది ఉన్నారు, ఒక్కరి భుజం కూడా పై అరకు రాదు.

నాలుగు రోజులు పట్టింది. రోజూ ఉదయం బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళేవారు. అన్నీ విప్పించారు. ఊడదీసిన నడిమి అర మళ్ళీ బిగించారు. మిగతా అరలు బుడిపెల మీద ఊరికే కూర్చుంటాయి, వాటివల్ల పుస్తకాలు నిలుస్తాయి గానీ బీరువా నిలవదు, రెండు పక్క చెక్కల్నీ పట్టి ఉంచేది ఈ ఒక్క అరేనని అప్పుడు చెప్పారు. "అట్లాసులు పట్టవు కదండీ మరి?" అంటే, "పడుకోబెట్టండి. నిలబడి నిలబడి వాటికీ కాళ్ళు నొప్పులు," అన్నారు.

వెనక అట్టచెక్కకు బదులు పల్చటి ప్లైవుడ్డు తెప్పించారు. మేకులతో కాదు, జానకొక స్క్రూతో. బిగించే ముందు ఒక మూలనుంచి ఎదుటి మూలకు దారం పట్టి కొలిచి, మళ్ళీ అటు మూలనుంచి ఇటు మూలకు కొలిచేవారు. రెండూ ఒకటైతేనే స్క్రూ. అర అంగుళం తేడా వచ్చినా చేత్తో నెట్టి సరిచేసి మళ్ళీ కొలిచేవారు. లెక్కల టీచర్ని, కర్ణాల పాఠం ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నదాన్ని, ఆ దారం చూశాక గానీ ఆ పాఠం దేనికో నాకు తట్టలేదు.

పాత చిల్లుల్లో మళ్ళీ స్క్రూ పెడితే గుల్లగా తిరిగేది. "పొట్టు చెక్కకు జ్ఞాపకం ఎక్కువండీ. ఒకసారి పెట్టిన చిల్లు మర్చిపోదు," అంటూ ప్రతి చిల్లులోనూ జిగురు రాసిన పేడు దూర్చి, ఆరనిచ్చి, పక్కగా కొత్త చిల్లు వేశారు. ఒకటికి రెండుసార్లు విప్పితే ఈ చెక్క ఇక పట్టదని గట్టిగా చెప్పారు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, సోమవారం దగ్గరకొచ్చేసరికి కావాలి.

ఇటుకలు తీయించి, గోడ పొడుగునా అడుగు ఎత్తు అరుగు కట్టించారు. నీళ్ళకూ సమాధానం చెప్పినట్టయింది, బీరువాకు కింద చదునూ దొరికింది. బరువు పుస్తకాలు అడుగుకు, తేలికవి పైకి. రసమట్టం పెట్టి, బుడగ నడిమికొచ్చేదాకా పేళ్ళు దూర్చారు. పక్కపక్క బీరువాల్ని బోల్టులతో ఒకదానికొకటి కలిపేశారు.

ఇక మిగిలింది గోడ. హెడ్మాస్టరు గారు అక్కడ అడ్డం పడ్డారు. ఆయన చెడ్డవారు కాదు. భయస్తులు, అంతే.

"గోడలకు కొత్త పుట్టీ, కొత్త రంగండీ మాస్టారూ. ఫోటో తీసి పైకి పంపించేం కూడా. ఆ ఫోటోలో చిల్లుల్లేవండీ," అన్నారు.

"ఆ ఫోటోలో పిల్లలు కూడా లేరండీ," అన్నారు మా మాస్టారు.

"మీకేం, మీరు వెళ్ళిపోతారు. అడిగేది నన్ను కదండీ."

"అడిగితే నా పేరు రాసెయ్యండి. చిల్లు పెట్టింది ఫలానావాడు, వద్దన్నా వినలేదు అని రాయండి. సంతకం కావాలంటే ఇప్పుడే పెడతానండీ."

హెడ్మాస్టరు గారు ఔననలేదు, కాదనలేదు. ఏలూరులో మీటింగుందని బస్సెక్కారు. బస్సు మలుపు తిరగ్గానే, రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్లు బాగుచేసే షాపునుంచి నేనే డ్రిల్లింగు మిషను మోసుకొచ్చాను. మాస్టారు గోడను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవారు. చిల్లు ఇటుకల మధ్య సందులో పడకూడదు, నిఖార్సుగా ఇటుకలోనే పడాలి. పదహారు చిల్లులు. పదహారు ప్లాస్టిక్ ప్లగ్గులు. క్లాంపులంటే అరచేతిలో పట్టే ఇనప పట్టీలే, ఎల్ ఆకారంలో వంచినవి. ఒక కొస గోడకు, ఒక కొస బీరువా నెత్తికి. అదే, ఇవాళ పై వాళ్ళ కంట్లో నలుసైన ఇనప సామాను.

పని అయ్యాక అరుగు మీద కూర్చుని, ఫ్లాస్కులో టీ మూతలో పోసుకుని తాగారు. ఇంట్లో గొడవ చెప్పుకుని నవ్వించారు. వాళ్ళావిడ, "ఊరందరి బల్లలూ నిలబెడతారు, మన మంచం మాత్రం పక్కింటికి వినపడేలా కిర్రుమంటుంది," అని దెప్పేదట. "నిజమేనండీ. సొంత మంచానికి ఎప్పుడూ రేపే," అన్నారు. ఆ మంచం ఆయన బాగుచేసినట్టు లేదు. ఆయన ప్రార్థనకు వెళ్ళిన రోజు దానిమీద కూర్చుంటే, కిర్రుమంది. అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "విన్నావా?" అన్నారు. ఆ ఒక్క మాటకు ఇద్దరం ఏడ్చాం.

ఆ ఏడాదే వానలకు నీళ్ళొచ్చాయి. మాస్టారు చెప్పినట్టే, చెప్పి వచ్చాయి. పొద్దున్న డొంకలోకి, మధ్యాహ్నానికి గ్రౌండులోకి. పిల్లలు, మేం, వంటావిడలు వరసగా నిలబడి, అడుగు అర పుస్తకాలన్నీ చేతులు మార్చుకుంటూ మేడ మీదకు చేర్చేశాం. సాయంత్రం కాకుండానే అయిపోయింది. నీళ్ళు అరుగు అంచుకు జానెడు కిందే ఆగాయి. నాలుగో రోజు నీళ్ళు తీశాక టైల్సు కడుక్కున్నాం, పుస్తకాలు కిందకు దించుకున్నాం. ఒక్క పుస్తకం తడవలేదు. ఫోను చేసి చెబితే, "బీరువాలు ఊగేయా?" అని మాత్రం అడిగారు. లేదంటే, "మంచిదండీ," అని పెట్టేశారు.

మాస్టారు పోయిన మర్నాడు, శుక్రవారం, నేనూ డ్రిల్లు మాస్టారూ గూడెం వెళ్ళాం. వరండాలో బల్ల వేసి, దానిమీద పెట్టె ఉంచారు. పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టారో లేదో, ఎవరి మోచెయ్యో తగిలి బల్ల టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. అక్కడున్న వాళ్ళలో సగంమంది ఆయన శిష్యులం, నెరిసిన జుట్లవాళ్ళం. అందరి కళ్ళూ ఒక్కసారే బల్ల కాళ్ళ మీదకు పోయాయి. భీమవరంలో లాయరుట, ఒకాయన, ఇస్త్రీ పంచె నేలకు రాసుకుంటున్నా వంగి, పొట్టి కాలు ఏదో వేలితో తడిమి చూసి, మడిచిన అట్టముక్క దూర్చి లేచారు. పాస్టరుగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. మాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

సమాధుల తోటలో మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే నాకు కోపం మొదలైంది. దుఃఖం ఎప్పుడైనా వస్తుంది, దానికి టైముంది. సోమవారానికి టైము లేదు.

శనివారం హెడ్మాస్టరు గారు లైబ్రరీకి వచ్చారు. వెనక అటెండరు స్క్రూడ్రైవరుతో నిలబడి ఉన్నాడు.

"ఒక్కరోజు పనే కదమ్మా. విజిట్ అవగానే మళ్ళీ బిగించుకుందురుగాని," అన్నారు.

"ఈ చెక్కను ఒకటికి రెండుసార్లు విప్పితే మళ్ళీ పట్టదండీ. ఆల్రెడీ ఒకసారి విప్పేం."

"ఏదో ఒకటి చేద్దాంలేమ్మా. రిమార్కు పడితే నాకు నష్టం."

"మరి అరలన్నీ ఖాళీ చేయించి, సోమవారం లైబ్రరీ మూసేస్తానండీ. పిల్లలు లోపలికి రారు. మూసిన లైబ్రరీ చూపించండి వాళ్ళకు."

"అదెలా కుదురుతుంది? పిల్లలు చదువుతున్నట్టు చూపించాలని కదా విజిట్!"

"పిల్లలు చదవాలంటే క్లాంపులుండాలి సార్. క్లాంపులు తియ్యాలంటే పిల్లలుండకూడదు. రెండిట్లో ఏదో మీరే చెప్పండి."

ఆయన పాపం అటెండరు వైపు చూశారు. అటెండరు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. వాడి కూతురు మా దగ్గర ఆరో తరగతి. నేను గది తాళం వేసి, చెవి కొంగుకు ముడేసుకుని ఇంటికెళ్ళిపోయాను. కొంగుకు ముడేసుకోవడం నాకు అలవాటు లేదు, మా నాయనమ్మ వేసుకునేది. ఆ రోజెందుకో చెయ్యి దానంతటదే వేసింది.

సోమవారం పొద్దున్న నేనే తాళం తీశాను, క్లాంపులు అలాగే ఉన్నాయి. టీము వచ్చింది. ఒక ఆఫీసరుగారు, ఇద్దరు ఫోటోలవాళ్ళు. ఆఫీసరుగారు పుస్తకం ఒక్కటి తియ్యలేదు. తలెత్తి క్లాంపులు చూసి, "ఇవేంటి?" అన్నారు. హెడ్మాస్టరు గారికి చెమటలు పట్టాయి. నేను ముందుకొచ్చాను.

"బీరువాలు పిల్లల మీద పడకుండా గోడకు పట్టించేమండీ."

"పర్మిషను?"

"లేదండీ."

"ఎవరు బిగించారు?"

మాస్టారి పేరు చెప్పొచ్చు. రాసెయ్యండని ఆయనే అన్నారు కదా. పోయిన మనిషి మీద ఏ మెమో పనిచేస్తుంది? హెడ్మాస్టరు గారు కూడా నావైపు ఆశగా చూశారు, ఆ పేరు చెప్పేస్తానని. నా నోట్లోంచి మాత్రం, "నేనేనండీ. మిషను నేనే తెచ్చేను. తియ్యమన్నప్పుడు తియ్యననీ నేనే అన్నాను," అని వచ్చింది. మాస్టారు వింటే, అబద్ధంలో సగం నిజం ఉందిలెండి అనేవారేమో.

ఆఫీసరుగారు ఏదో రాసుకున్నారు. నాలుగు రోజులకు మెమో వచ్చింది. ప్రభుత్వ భవనం గోడకు అనుమతి లేకుండా చిల్లులు పెట్టినందుకూ, పై అధికారుల ఉత్తర్వు పాటించనందుకూ వారంలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. స్టాఫ్ రూములో ఒక్కొక్కరు ఒక్కో సలహా. క్షమించమని రాసెయ్యి, పోయేదేముంది అంటారు. తెలియక చేశానని రాయమంటారు. తెలియక చేసింది మొదటిసారి బిగింపు! ఇటుకల మీద పెట్టి, నడుం ఊడదీసి, వీపు లేకుండా నిలబెట్టామే, దానికి ఎవరైనా మెమో ఇచ్చారా? శభాషన్నారు. తెలిసి చేసిన పనికి మాత్రం సంజాయిషీ కావాలట.

ఏం చేస్తారు నన్ను? ఇంక్రిమెంటు ఆపుతారు, ఆపనీ. కొండ మీదకో అడవిలోకో బదిలీ చేస్తారు, చెయ్యనీ. అక్కడా బడి ఉంటుంది, ఆ బడిలోనూ గోడలుంటాయి. మా మాస్టారు, తన పోస్టు ఎత్తేసినా, షెడ్డు పోయినా, పనిముట్లు తుప్పు సామానులో కలిసినా, గుడ్డ సంచీలో పట్టినంతతో పని చేసుకుంటూనే ఉన్నారు. ఆయనకు ఎవరూ శాలువా కప్పలేదు. కప్పుతామంటే వచ్చేవారు కూడా కాదు. ఆయన నేర్పిన పనికి నేను క్షమాపణ రాస్తే, ఇంక ఆయన దగ్గర నేను ఏం నేర్చుకున్నట్టు?

ఇవాళ మధ్యాహ్నం భోజనాల తర్వాత లైబ్రరీలో తెల్లకాయితం ముందేసుకుని కూర్చున్నాను. 'ఆర్యా' అని రాశాను. కింద, 'క్లాంపులు బిగించినది వాస్తవం. తీయడం కుదరదు' అని రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు. అప్పుడే కిటికీ పక్క బీరువా దగ్గర ఏదో చప్పుడైంది. తలెత్తి చూస్తే ఆరో తరగతి పిల్ల. కుడికాలు రెండో అర అంచుమీద, ఎడంకాలు మూడో అరమీద. ఒక చేత్తో బీరువా నెత్తి పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, రెండో చేత్తో పై అరలో జంతువుల బొమ్మల పుస్తకాన్ని లాగుతోంది. దాని బరువంతా బీరువా మీదే ఉంది.

దిగవే అని అరవడానికి నోరు తెరిచాను. బీరువా కదల్లేదు. నోరు మూసుకున్నాను. ఆ పిల్ల పుస్తకం లాగేసింది, దిగుతుందనుకున్నాను. దిగలేదు. అక్కడే, ఆ ఎత్తులోనే, మోచెయ్యి అరమీద ఆనించి పుస్తకం తెరిచి చదవడం మొదలెట్టింది.